భూమి పాస్‌బుక్కులో ఆడవాళ్ల పేరు: మా మహిళా సంఘం ఎక్కడ మొదలుపెట్టాలి?

మట్టిగాజులు (నర్సంపేట వైపు)

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. ఊళ్లోని పొదుపు సంఘాలన్నిటికీ కలిపి ఒక గ్రామ సంఘం ఉంది, దాని లెక్కలు నేను రాస్తాను. విషయం కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

పోయిన వానాకాలం మా వాడకట్టులో ఒకతను పత్తి చేనులో పాము కరిచి చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లు. ఇద్దరు చిన్నపిల్లలు. రైతుబీమా ఐదు లక్షలు వస్తాయని అందరం అనుకున్నాం. రాలేదు. పట్టా ఎవరి పేరున ఉంటే బీమా వారికే. ఆ రెండెకరాల పట్టా అతని తండ్రి పేరున ఉంది. తండ్రికి డెబ్బై దాటాయి, 59 ఏళ్లు దాటితే బీమా లేదు. అంటే ఆ ఇంట్లో బీమా ఉన్న మనిషే లేడు. అతని భార్య, ఆ అమ్మాయి, తొమ్మిదేళ్లుగా అదే చేనులో విత్తనం పెట్టింది, కలుపు తీసింది, పత్తి ఏరింది. కాగితాల్లో ఎక్కడా ఆమె లేదు.

పెద్దకర్మ అయ్యాక పలకరించడానికి వెళ్లాను. ఆమె ఏడవలేదు. గోడకు ఆనించి ఉన్న మందు కొట్టే పంపు వైపు చూస్తూ, "అక్కా, ఇప్పుడు ఈ చేను ఎవరిది?" అని అడిగింది. నాకు జవాబు తెలియదు.

తర్వాతి నెల సమావేశానికి అందరినీ ఇంట్లోని పాస్‌బుక్కులు తెమ్మన్నాం. ముప్పై ఎనిమిది వచ్చాయి. పెట్టెల అడుగున దాచినవి, ప్లాస్టిక్ కవర్లలో చుట్టినవి, బ్యాంకు జిరాక్సులు. ఒక్కొక్కటి తెరిచి పేరు చదివాను. ఆడవాళ్ల పేరున్నవి ఏడు. ఆ ఏడింటిలో ఐదు, భర్త పోయాక విరాసత్‌లో, అంటే వారసత్వంగా, పేరు మారినవి. ఇంకొకటి పుట్టింటివారు పసుపుకుంకుమ కింద ఇచ్చిన పదిహేను గుంటలు. భర్త బతికి ఉండగా తన ఇష్టంతో భార్య పేరున రాసింది ఒక్కటే ఒక్కటి. చదవడం పూర్తయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఈ విషయం గ్రామసభలో పెట్టాలని తీర్మానించుకున్నాం. అప్పుడే ఊళ్లో "పచ్చని కాపురాల్లో చిచ్చు పెడుతున్నారు" అన్న మాట మొదలైంది. కూతుళ్ల వాటా గురించి అడగాలా, భార్య పేరు జంటగా రాయించమని అడగాలా? ముందు ఏది ఎత్తుకోవాలి? చట్టం తెలిసినవారు, ఇలాంటి పని చేసినవారు చెప్పండి.

జగిత్యాల టీచరమ్మ

చెల్లీ, నా సంగతి చెబుతాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు సమానత్వం గురించి పాఠం చెబుతున్నాను. పన్నెండేళ్ల కిందట నాన్న పోయాక అన్నయ్య ఫోను చేసి, "ఒక సంతకం ఉంది, వచ్చిపో" అన్నాడు. వెళ్లాను. కార్యాలయం బయట వేపచెట్టు కింద దస్తావేజు రాసే అతను కాగితాలు తిప్పి, వేలితో చోటు చూపించాడు. అది హక్కు విడుదల పత్రం, అంటే నా వాటా వదులుకుంటున్నానని రాసే కాగితం. నేను చదివాను, నాకు అర్థమయింది. అమ్మ నా పక్కనే నిలబడి ఉంది, నా మొహం వైపు చూడటం లేదు. వదిన చేతిలో కవరు, అందులో ఆకుపచ్చ పట్టుచీర. చీర ముందే కొని తెచ్చారు. అంటే నేను సంతకం పెడతానని వాళ్లకు అనుమానం కూడా లేదు.

పెట్టాను. పుట్టింటి గడప నాకు ఉండాలంటే పెట్టాలి అనిపించింది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. ఆ చీర ఇప్పటికీ మడత విప్పలేదు.

అందుకే నా మాట: కూతుళ్ల వాటాతోనే మొదలుపెట్టండి. భార్య పేరు జంటగా రాస్తే అది భర్త దయ అని మళ్లీ అంటారు. కూతురి వాటా పుట్టుకతో వచ్చింది, ఒకరు ఇచ్చింది కాదు.

పాత రెవెన్యూ మనిషి (హనుమకొండ)

ముప్పై మూడేళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. చట్టం వరకు నాకు తెలిసింది చెబుతాను.

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే తండ్రి స్వార్జితానికి కొడుకు, కూతురు, భార్య, తల్లి సమాన వారసులు. వీలునామా లేకుండా ఆయన పోతే తలా ఒక వాటా. గొడవంతా పిత్రార్జితం, అంటే తాతతండ్రుల నుంచి వచ్చిన ఆస్తి దగ్గర. అందులో కూతురికి కొడుకుతో సమానమైన హక్కును మన ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ వచ్చాక పెళ్లయిందా లేదా అన్న తేడా పోయింది. ఆ తర్వాత కూడా "2005 నాటికి తండ్రి బతికి ఉంటేనే" అని వాదనలు నడిచాయి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి ఆనాటికి బతికి ఉండనక్కర లేదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకాలను మాత్రం కదపరు.

ఇప్పుడు ఆ పాము కరిచిన ఇంటి సంగతి. మామగారి పేరున ఉన్నది పిత్రార్జితమైతే, చనిపోయిన అబ్బాయికి అందులో పుట్టుకతో వచ్చిన వాటా ఉంది. ఆ వాటా అతని భార్యకు, పిల్లలకు, తల్లికి వెళ్తుంది. పాస్‌బుక్కులో పెద్దాయన పేరు ఒక్కటే ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. మామగారి స్వార్జితమైతే ఆయన బతికి ఉన్నంత కాలం అడగలేరు, ఆయన ఎవరికైనా వీలునామా రాయవచ్చు. రాయకుండా పోతే, చనిపోయిన కొడుకుకు రావలసిన వాటా కోడలికీ మనవలకూ వస్తుంది. కాబట్టి ముందు ఆ భూమి ఎలా వచ్చిందో తేల్చండి. పాత పహాణీల (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డుల) నకళ్లు తీయించండి. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. నా బల్ల ముందు కూడా ఎందరో అక్కాచెల్లెళ్లు సంతకాలు పెట్టి వెళ్లారు. "ఇష్టపూర్వకంగానేనా అమ్మా?" అని అడగడం నా పని, అడిగేవాణ్ని. తల ఊపేవారు. ఆ తల ఊపడం ఏమిటో టీచరమ్మగారు ఇక్కడ రాసింది చదివాక తెలిసింది.

చిన్నతమ్ముడు (పరకాల)

నేను మీ అందరికీ నచ్చని మాట చెప్పాలి. కోపం లేకుండా వినండి.

నాన్న మాకు మిగిల్చింది ఎకరం ఇరవై గుంటలు, అంటే అరవై గుంటలు. అమ్మ, ముగ్గురు అక్కలు, నేను. లెక్క ప్రకారం తలా పన్నెండు గుంటలు. అందులో నాగలి మలపడానికి కూడా చోటు చాలదు. ముగ్గురి పెళ్లిళ్లకూ అప్పు చేశాం, చిన్నక్క పెళ్లి అప్పు నిరుడు యాసంగి వడ్లు అమ్మి నేనే తీర్చాను. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, ఆమెను చూసేది నేనూ నా భార్యా. ఇప్పుడు చట్టం ఉందని వాటా అడిగితే నేను కూలికి పోవాలి. అక్కలంటే నాకు ప్రాణం. కానీ చిన్న రైతు ఇంట్లో ఈ న్యాయం ఎవరి నోటి దగ్గర కూడు తీస్తుందో కూడా ఆలోచించండి.

జగిత్యాల టీచరమ్మ

తమ్ముడూ, నచ్చని మాట ఏమీ కాదు, మా అన్నయ్య కూడా ఇదే అనుకుని ఉంటాడు. నోరు తెరిచి చెప్పి ఉంటే నేనూ మాట్లాడేదాన్ని.

పెళ్లి అప్పు సంగతి ఒక్కటి అడుగుతాను. ఆ డబ్బు మీ అక్కల చేతికి వచ్చిందా? కట్నం వియ్యంకులకు వెళ్లింది. 1961 నుంచి కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరం. పొరపాటున తీసుకున్నా అది పెళ్లికూతురికే చెందాలని అదే చట్టం చెబుతుంది. మన ఊళ్లలో ఏ కోడలి చేతికి వచ్చింది? ఆమె చేతికి రాని డబ్బును ఆమె వాటాలో ఎలా కోస్తాం? ఆ అప్పు నిన్నూ ముంచింది, మీ అక్కలకూ ఏమీ మిగల్చలేదు.

పాత రెవెన్యూ మనిషి

బాబూ, పేరు ఎక్కితే చేను ముక్కలు చేయాలని ఎక్కడా లేదు. ఐదుగురి పేర్లూ ఉమ్మడిగా రాయించుకుని, సాగు మీరే చేయవచ్చు. అక్కలతో కౌలు కాగితం రాసుకోండి, ఏడాదికి ఇన్ని బస్తాలు అనుకోండి, వాళ్లు వద్దంటే అది వేరే మాట. వాళ్లలో ఒకరు అమ్మాలనుకుంటే, కొనుక్కునే మొదటి అవకాశం మీకే ఇవ్వాలని వారసత్వ చట్టం 22వ సెక్షనులో ఉంది. అది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. బయటివారి చేతిలో పడుతుందన్న భయం అక్కర లేదు.

అమ్మను చూసుకునే బాధ్యత కూడా మీ ఒక్కరిది కాదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో పిల్లలు అంటే కొడుకులూ కూతుళ్లూ ఇద్దరూ. వాటా అడిగే ఆడపిల్ల బాధ్యత కూడా అడిగి తీసుకుంటుంది. నేను చూసిన ఇళ్లలో చాలాచోట్ల అలాగే జరిగింది.

బీడీ చాట (మెట్‌పల్లి)

ఇదంతా చదువుతుంటే ఒకటి అనిపిస్తోంది, చెప్పకపోతే నిద్ర పట్టదు. భూమే లేనివాళ్ల మాట ఏమిటి?

మా అమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, చాట ఒళ్లో పెట్టుకుని వెయ్యి లెక్క పూర్తయ్యేదాకా వంచిన మెడ ఎత్తకపోవడం. కుడిచేతి బొటనవేలి గోరు సగం అరిగిపోయింది, వేలి గీతలూ అరిగిపోయాయి, ఆధార్ మిషను మీద వేలు పెడితే ముద్ర పడదు. అమ్మ పేరు మీద ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కాగితం పీఎఫ్ కార్డు. ఇల్లు నాన్న పేరున, నాన్న పోయాక అన్న పేరున. అన్నకు కోపం వచ్చిన రోజు "నా ఇల్లు" అంటాడు. ఆ గోడలు లేచింది అమ్మ బీడీల మీద.

సంఘంలో సగం మంది కూలీలే ఉంటారు కదా అక్కా. పాస్‌బుక్కుల గురించి మాత్రమే మాట్లాడితే వాళ్లు వెనక వరుసలో కూర్చుని లేచి వెళ్లిపోతారు. ఇంటి కాగితం కూడా కలపండి. ఇందిరమ్మ ఇళ్లు ఆడవాళ్ల పేరునే ఇస్తున్నారు, ఆ పేరు తర్వాత ఎవరూ మార్పించకుండా చూడటం కూడా సంఘం పనే.

మట్టిగాజులు

చెల్లీ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ముప్పై ఎనిమిది పాస్‌బుక్కులు వచ్చాయని రాశాను, తేలేనివాళ్లు ఎంతమందో లెక్కే వేయలేదు. ఆ రోజు వట్టి చేతులతో వచ్చి గోడ పక్కన కూర్చున్నవాళ్లు ఇప్పుడు కళ్ల ముందు మెదులుతున్నారు. ఈసారి ఇంటి పన్ను రసీదులు కూడా తెమ్మంటాను.

తండా బిడ్డ (మహబూబాబాద్)

రెవెన్యూ పెద్దాయన చెప్పిన చట్టం మాకు వర్తించదు. 1956 చట్టం 2వ సెక్షనులోనే రాసి ఉంది, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం లేదని. మేము లంబాడీలం. మా తండాలో కూతురికి వాటా అన్న మాట ఎత్తితే "మన ఆచారంలో లేదు" అంటారు, అక్కడితో సరి. 2022లో ఒక తీర్పులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును తొలగించే సంగతి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు సమాన వాటా ఇవ్వాల్సిందేనని తీర్పు ఇచ్చింది. దారి కొంచెం తెరుచుకుంది.

మాకు చేతిలో ఉన్న బలం ఇంకొకటి ఉంది. పోడు పట్టా, అంటే అడవి భూమిలో సాగు చేసుకునేవారికి ఇచ్చే హక్కు పత్రం. 2006 అటవీ హక్కుల చట్టం 4వ సెక్షను ప్రకారం పెళ్లయినవారికి ఆ హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. మా తండాలో ఆడవాళ్లం కలిసి ఇంటింటికీ వెళ్లి పత్రాలు చూశాం. ఇద్దరి ఫొటోలూ ఉన్న పత్రం చేతిలో పట్టుకుని మా నాయనమ్మ, "ఇందులో నా బొమ్మ ఉందా?" అని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. అడవి నరికి ఆ చెలక చేసిందే ఆమె. అందుకే నేనైతే జంట పేరుతో మొదలుపెట్టమంటాను. టీచరమ్మ దాన్ని దయ అన్నారు, మాకది చట్టం.

వార్డు సభ్యురాలు (హుజూరాబాద్ వైపు)

గ్రామసభ సంగతి నేను చెబుతాను, వార్డుకు రెండుసార్లు గెలిచాను, సభలో మొదట దెబ్బ తిన్నాను.

మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్లవి. అయినా సభ రోజు ఆడ సర్పంచి పక్క కుర్చీలో భర్త కూర్చుంటాడు, మాట్లాడేది ఆయనే. మా ఊళ్లోనూ అంతే. మొదటిసారి నేను లేచి నిలబడి అడిగాను, "మీ సమస్య రాసి ఇవ్వమ్మా" అన్నారు, అక్కడితో అయిపోయింది. తీర్మానాల పుస్తకంలో ఒక్క అక్షరం పడలేదు. పుస్తకంలో లేనిది జరగనట్టే.

రెండోసారి ఇలా చేశాం. వారం ముందే కార్యదర్శికి రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాం. పత్తి ఏరే రోజుల్లో పొద్దున సభ పెడితే ఆడవాళ్లు రారు, సాయంత్రం పెట్టమని అడిగాం. ముందు వరుసలో చాపలు మేమే వేసుకుని మేమే కూర్చున్నాం. మాట్లాడేవాళ్లను ముందే ముగ్గురిని అనుకున్నాం, అందులో ఒకరు డెబ్బై ఏళ్ల అవ్వ. ఆమె మాట్లాడుతుంటే ఎవరూ అడ్డు రాలేదు. తీర్మానం రాసి, చదివి వినిపించేదాకా చాపల మీది నుంచి లేవలేదు.

కుటుంబాల పేర్లు మాత్రం సభలో ఎత్తకండి. ఫలానా ఇంట్లో ఫలానా కూతురికి అన్యాయం అన్నామంటే ఆ ఇల్లు మొత్తం మనకు ఎదురు నిలబడుతుంది, ఆ అమ్మాయే వచ్చి "నేను అనలేదు" అంటుంది. ఊరంతటికీ వర్తించే మాట అడగండి: విరాసత్ దరఖాస్తు వచ్చినప్పుడల్లా కూతుళ్ల పేర్లు వారసుల జాబితాలో ఉన్నాయో లేదో ఊళ్లో అందరికీ కనబడేలా నోటీసు అంటించాలని. మన రాష్ట్రంలో భూమి రికార్డుల కోసం భూభారతి చట్టం 2025లో వచ్చింది, వారసత్వంగా పేరు మార్చే ముందు వారసులకు నోటీసు ఇచ్చి విచారణ చేయాలని అందులో ఉంది. ఆ నోటీసు అత్తగారి ఊళ్లో ఉన్న కూతురి చేతికి చేరిందా అన్నదే మనం కనిపెట్టుకుని ఉండాల్సింది.

నిర్వాహకులు

సభ్యులకు మనవి: సర్వే నంబర్లు, పాస్‌బుక్కు ఫొటోలు ఇక్కడ పెట్టవద్దు. నిన్న ఒకరు పెట్టిన ఫొటో తీసేశాం.

పాత రెవెన్యూ మనిషి

ఇంకొక్క మాట. ఖర్చుకు భయపడి ఆగిపోయేవాళ్లకు చెప్పండి: 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, న్యాయసహాయం ఉచితం. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు.

పాలకుర్తి మన పక్కనే. కౌలు భూమిలో పండించిన పంట దొర మనుషుల పాలు కాకుండా చాకలి ఐలమ్మ నిలబడితే ఆనాటి ఆంధ్ర మహాసభ సంఘం ఆమె వెనక నిలబడింది. ఆమె బొమ్మకు ఏటా దండలు వేస్తాం. ఆమె పట్టుబట్టింది పంట గింజల కోసం, భూమి కోసం. దండ వేసే రోజు ఆ మాట కూడా చెప్పాలి.

చిన్నతమ్ముడు (పరకాల)

నాలుగు రోజులు ఏమీ రాయలేదు. ఆలోచించుకున్నాను, నా భార్యతో మాట్లాడాను. "మా అన్న కూడా నన్ను అడగలేదు కదా" అన్నది. ఆ మాట ఆమె ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు.

నిన్న రాత్రి పెద్దక్కకు ఫోను చేశాను. పాస్‌బుక్కులో మీ ముగ్గురి పేర్లూ ఎక్కిద్దామనుకుంటున్నాను, సాగు మాత్రం నేనే చేస్తాను అన్నాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఫోను కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, "నాన్న బోరు వేయించిన మూల ఎవరి వాటాలోకి వస్తుందిరా?" అని అడిగింది. పెళ్లయి పంతొమ్మిదేళ్లు. ఆ చేను అక్క మనసులో గట్టుతో సహా ఉందని నాకు నిన్ననే తెలిసింది.

చిన్నక్క ఒప్పుకోలేదు, తనకేమీ వద్దంటోంది. ఆమెతో ఇంకా మాట్లాడాలి.

జగిత్యాల టీచరమ్మ

తమ్ముడూ, ఆమె వద్దన్నా పేరు ఎక్కించు. వద్దనడం మాకు చిన్నప్పుడే నేర్పారు.

మట్టిగాజులు

అందరికీ దండాలు. సభ మొన్న జరిగింది, జరిగినట్టే చెబుతాను.

వార్డు సభ్యురాలు అక్క చెప్పినట్టే వారం ముందు రాసిచ్చాం, చాపలు మేమే వేశాం. మూడు మాటలు అడిగాం. విరాసత్ నోటీసు పంచాయతీ గోడ మీద అంటించాలి. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టే ముందు ఏ ఆడపడుచైనా కోరితే సంఘం నుంచి ఇద్దరు తోడు వెళ్లి ఆమెకు కాగితం చదివి వినిపిస్తారు. కొత్తగా ఇచ్చే ఇంటి పట్టాలు ఆడవాళ్ల పేరునే ఉండాలి. మొదటిదీ మూడోదీ పుస్తకంలో రాశారు. రెండోదాని దగ్గర గొడవ అయింది. ఒకాయన లేచి, "మా అన్నాచెల్లెళ్ల మధ్యకు మీరెవరు రావడానికి?" అన్నాడు. అతని చెల్లెలు మా చాప మీదే ఉంది. తల దించుకుంది, ఏమీ అనలేదు. మేమూ ఆమె పేరు ఎత్తలేదు. రెండో మాట తీర్మానం కాలేదు. తీర్మానం లేకున్నా ఆ పని సంఘం చేస్తుందని సభలోనే చెప్పాం.

పాము కరిచి పోయినతని భార్య కూడా సభకు వచ్చింది. 1990ల నాటి పహాణీ నకళ్లు తీయించాం, అందులో ఆ భూమి ఆమె మామగారి తండ్రి పేరున ఉంది. పిత్రార్జితమనే అనుకుంటున్నాం. మామగారు మంచం మీద ఉన్నాడు, కాదనలేదు. మరిది ఇంకా ముభావంగా ఉన్నాడు, అతనితో ఆమె అత్తగారే మాట్లాడతానన్నది.

రేపు పొద్దున తొమ్మిది గంటల బస్సుకు ఐదుగురం తహసీల్దార్ కార్యాలయానికి వెళ్తున్నాం. ఆ అమ్మాయి, నేను, సంఘం నుంచి ఇద్దరు, ఆమె అత్తగారు. నకలు కాగితం అత్తగారే కొంగున ముడి వేసుకుని ఉంచుకుంది, రాత్రి ఇంట్లో ఎవరి చేతికీ ఇవ్వనన్నది.